చల్లబడిన గొర్రెపిల్లకు ముందు పాలా, వేడా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉన్నవి ఎనిమిది గొర్రెలు, అందులో ఒకటి రాత్రి ఎప్పుడో కవలలను ఈనింది. పొద్దున చూసేసరికి ఒక పిల్ల తల్లి దగ్గర నిలబడి ఉంది, రెండోది గోడ పక్కన చల్లగా పడి ఉంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. నోట్లో కాసిని పాలు పోసి హీటర్ దగ్గర పెట్టారు. అరగంటకి కదిలింది, బతికేసింది అనుకున్నారు, అంతలోనే మెడ వెనక్కి విరుచుకుని కాళ్లు కొట్టుకుని చనిపోయింది. ‘మేం ఏం తప్పు చేశాం?’ అని అడిగారు.

పాలూ కావలసినవే, వేడీ కావలసిందే. వరుస తప్పింది. ఈ వరుస ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఎందుకంటే చల్లగా ఉన్న పిల్లను చూడగానే వెచ్చబెట్టాలనీ, నీరసంగా ఉంటే పాలు పట్టాలనీ ఎవరికైనా అనిపిస్తుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా గొర్రెలు పెంచుతున్నాను. మొదటి రెండేళ్లలో నా చేతుల్లో కూడా ఒక పిల్ల అచ్చం మీరు చెప్పినట్టే పోయింది. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను, చెవులు వెచ్చబడ్డాయి, కళ్లు తెరిచింది, నేను సంతోషపడి పాలు వెచ్చబెట్టడానికి లేచాను, తిరిగి వచ్చేసరికి ఫిట్స్. అది ఎందుకలా జరిగిందో అర్థం కావడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గొర్రెపిల్ల చల్లబడటానికి కారణాలు రెండు. బయటికి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, చేయాల్సిన పని మాత్రం వేరు.

మొదటిది, పుట్టిన వెంటనే తడి వల్ల వచ్చే చలి. పిల్ల తల్లి కడుపులో 39 డిగ్రీల వెచ్చదనంలో ఉండి ఒక్కసారిగా ఉమ్మనీటితో తడిసిపోయి బయటపడుతుంది. గాలి తగిలితే ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేసుకుంటుంది. తల్లి గట్టిగా నాకితే ఫర్వాలేదు. తొలిచూలు గొర్రె బెదిరిపోయినా, కవలల్లో రెండోదాన్ని ఈనే హడావిడిలో మొదటిదాన్ని వదిలేసినా, ఈనడం చాలాసేపు పట్టి పిల్ల అలిసిపోయినా ఆ తడి అలాగే ఉండిపోతుంది. అయితే ఈ దశలో పిల్లకు సొంత ఇంధనం ఉంటుంది. పుట్టేటప్పుడే మూత్రపిండాల చుట్టూ ఒకరకం గోధుమరంగు కొవ్వు ఉంటుంది, దాన్ని కాల్చుకుని వేడి పుట్టించుకుంటుంది. చలిలో అది సుమారు 5 గంటలు వస్తుంది.

రెండోది ఆ కొవ్వు అయిపోయాక వచ్చే చలి. 5, 6 గంటలు దాటినా పొట్టలోకి ముర్రుపాలు పోకపోతే కాల్చుకోవడానికి ఇక ఏమీ మిగలదు. రక్తంలో చక్కెర అడుగంటిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇప్పుడు ఇలాంటి పిల్లను వెచ్చబెడితే ఏమవుతుందో చూడండి. ఒళ్లు వేడెక్కేకొద్దీ మెదడు, కండరాలు అన్నీ మళ్లీ పనిలోకి దిగి చక్కెర అడుగుతాయి, రక్తంలో అది లేదు. మెదడుకు ఇంధనం అందక ఫిట్స్ వచ్చి చనిపోతుంది. మీ పిల్లకు జరిగింది ఇదేనని నా నమ్మకం. రాత్రి పుట్టింది, పొద్దున దొరికింది, పొట్ట ఖాళీ. దానికి ముందు చక్కెర అందాలి, తర్వాత వేడి, ఆ తర్వాత పాలు.

అందుకని చల్లటి పిల్ల దొరికితే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ‘దీని వయసెంత?’ ఒంటిమీద ఇంకా తడి, జిగట, పచ్చిగా ఉన్న బొడ్డు కనిపిస్తే కొత్తగా పుట్టినట్టు. ఒళ్లు ఆరిపోయి, బొడ్డు ఎండుతూ, డొక్కలు లోపలికి పోయి ఉంటే గంటలు గడిచినట్టు. తేల్చుకోలేకపోతే 5 గంటలు దాటినట్టే అనుకోండి.

రెండో ప్రశ్న ‘ఎంత చల్లబడింది?’ దీనికి థర్మామీటరు ఉండాలి. మామూలు డిజిటల్‌ది చాలు, కానీ గొర్రెలకని విడిగా పెట్టుకోండి. మొనకు కాస్త వేసలైన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి, లోపలి గోడకు ఆనేలా కొద్దిగా పక్కకు వంచి పట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 37కీ 39కీ మధ్య ఉంటే కాస్త చల్లబడినట్టు, 37 కంటే తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టు. థర్మామీటరు దగ్గర లేకపోతే నోట్లో వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉండి వేలిని పీలిస్తే ధైర్యంగా ఉండొచ్చు. మంచి పిల్ల నోరు మీ వేలికి గోరువెచ్చగా తగులుతుంది, నాలుక వేలి చుట్టూ చుట్టుకుంటుంది. చల్లబడిన పిల్ల నోట్లో వేలు పెడితే ఆ తేడా ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు, బయట రాయి తాకినట్టు ఉంటుంది, నాలుక కదలదు. చెవులు, కాళ్లు తాకి చెప్పేయకండి, మంచి పిల్లకు కూడా అవి చల్లగా ఉండొచ్చు.

ఇప్పుడు చేయాల్సిన పని.

37కీ 39కీ మధ్య ఉండి తల నిలబెట్టగలుగుతుంటే వయసు ఎంతైనా కంగారు లేదు. పొడి తువ్వాలుతో గట్టిగా తుడిచి ఆరబెట్టండి, ముర్రుపాలు పట్టండి, గాలి తగలని చోట తల్లితో పాటే ఉంచండి, అరగంటకి మళ్లీ టెంపరేచర్ చూడండి. తుడవడమంటే మెల్లగా నిమరడం అనుకోకండి, తల్లి నాలుక ఎంత గరుకుగా, ఎంత బలంగా నాకుతుందో చూసే ఉంటారు, అలా రుద్దాలి.

37 కంటే తక్కువ, పుట్టి 5 గంటలు దాటలేదు అంటే, ఆరబెట్టి వెంటనే వెచ్చబెట్టొచ్చు. 37 దాటి తల ఎత్తాక పాలు. అంతకుముందు పాలు వద్దు.

37 కంటే తక్కువ, 5 గంటలు దాటింది, ఇదే మీ కేసు. తల ఎత్తగలిగే స్థితిలో ఉంటే గొట్టంతో ముర్రుపాలు పట్టి తర్వాత వెచ్చబెట్టొచ్చు. తల వేలాడేస్తుంటే వెచ్చబెట్టేముందు గ్లూకోజ్ ఇంజెక్షన్ పడాలి, అది పొట్ట లోపలి ఖాళీలోకి. 20 శాతం గ్లూకోజ్, కిలో బరువుకు 10 మి.లీ. అంటే మూడు కిలోల పిల్లకు 30 మి.లీ. 50 శాతం ద్రావణం దొరికితే దాంట్లో 40 మి.లీ.కి కాచి చల్లార్చిన శుభ్రమైన నీళ్లు 60 మి.లీ. కలిపితే 20 శాతం అవుతుంది. ఒంటి వేడికి తెచ్చి ఇవ్వాలి, చల్లగా ఎక్కించకూడదు.

పిల్లను ముందుకాళ్లు పట్టుకుని, పొట్ట మీవైపు ఉండేలా నిలువుగా వేలాడదీస్తారు. బొడ్డుకు ఒక అంగుళం కింద, అర అంగుళం పక్కకు అయోడిన్‌తో తుడుస్తారు. అంగుళం పొడవున్న 19 గేజ్ కొత్త సూదిని మొన తోక మొదలువైపు చూసేలా 45 డిగ్రీల వాలులో గుచ్చి మెల్లగా ఎక్కిస్తారు. చదివితే భయం వేస్తుంది, చేయడం ఒక నిమిషం పని. కానీ దయచేసి ఇది చదివి మొదటిసారి ఒంటరిగా ప్రయత్నించకండి. ఈతలు మొదలయ్యేలోపే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి ఒకసారి చూపించమని అడగండి, గ్లూకోజ్, సూదులు, తర్వాత ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ ఆయన చేతే రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి. అర్ధరాత్రి అవసరం పడినప్పుడు తెచ్చుకుందామంటే కుదరదు.

చిగుళ్లకు తేనె రాయడం, పంచదార నీళ్లు నోట్లో చుక్కలు వేయడం చాలామంది చెబుతారు. మింగలేని పిల్లకు నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిగుళ్లకు రాసినది ఆ ఇంజెక్షన్ ఇచ్చేంత చక్కెర ఇవ్వదు. దాన్ని నమ్ముకుని టైమ్ పోగొట్టుకోవద్దు.

వెచ్చబెట్టడానికి నాకు నచ్చిన పద్ధతి పెట్టె. పెద్ద అట్టపెట్టె, అడుగున ఎండుగడ్డి, పైన తువ్వాలు కప్పి, ఒక పక్క చిల్లులోంచి హెయిర్ డ్రైయర్‌తో వెచ్చటి గాలి. గాలి నేరుగా పిల్ల ఒంటికి కొట్టకూడదు, పెట్టె మొత్తం వెచ్చబడాలి. లోపల గాలి 40 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, పక్కన మనిషి ఉండాలి. కరెంటు లేకపోతే వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టండి, చల్లారగానే మార్చండి, చల్లారిన సీసా మళ్లీ ఒంట్లో వేడిని లాగుతుంది. హీట్ ల్యాంపుతో నాకు భయం. కనీసం మీటరు పైన గట్టిగా గొలుసుతో వేలాడదీయాలి, కింద ఎండుగడ్డి ఉంటుంది కాబట్టి మంటలు లేచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, లేవలేని పిల్ల వేడి ఎక్కువైనా పక్కకు జరగలేదు, ఉన్నచోటే కాలిపోతుంది. మీ హీటర్‌కూ ఇదే మాట.

వేడినీళ్లలో ముంచడం కూడా పనిచేస్తుంది, సుమారు 40 డిగ్రీల నీళ్లలో, తల పైకి పట్టుకుని. కానీ నీళ్లలో తల్లి వాసన పోతుంది, తర్వాత తల్లి దగ్గరకు రానివ్వకపోతే మీ తంటా రెట్టింపు. తప్పకపోతే పిల్లను మెడదాకా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముంచండి, వాసన పోదు, ఒళ్లు తడవదు. నీళ్లు తగిలితే మాత్రం పూర్తిగా ఆరే దాకా వదలకూడదు.

ఏ పద్ధతి అయినా అరగంటకోసారి టెంపరేచర్ చూడండి. 37 దాటిందా, తల ఎత్తిందా, మింగుతోందా, అప్పుడు పాలు. 39కి వచ్చాక పెట్టెలోంచి తీసేయండి. బాగా కోలుకున్నట్టు కనిపిస్తోందని ఇంకో గంట ఉంచి వేడెక్కించి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పాలు ఎలా పట్టాలన్నది మీ రెండో పొరపాటు, దీని గురించి కూడా చెప్పాలి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పీల్చే బలం ఉంటే సీసా ఇవ్వండి. పీల్చకపోతే, తల మాత్రం నిలబెట్టగలిగితే, గొట్టం. మెత్తటి రబ్బరు గొట్టం, 60 మి.లీ. సిరంజిలో నెట్టే కడ్డీ తీసేసి ఆ సిరంజినే గరాటులా వాడొచ్చు. పిల్ల ముక్కు చివర నుంచి ఆఖరి పక్కటెముక దాకా గొట్టాన్ని పక్కన పెట్టి కొలిచి గుర్తు పెట్టుకోండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెడ మామూలుగా చాచి, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గొట్టాన్ని నోటి పక్క నుంచి నాలుక మీదుగా మెల్లగా లోపలికి వదలండి. మింగుతూ తనే లాక్కుంటుంది, చాలా పిల్లలు నములుతాయి కూడా. దగ్గితే, పెనుగులాడితే, గుర్తు దాకా వెళ్లకుండా ఆగిపోతే బయటికి లాగి మళ్లీ మొదలుపెట్టండి, బలవంతంగా తోయకండి. సరిగా వెళ్లిందో లేదో మెడ తడిమితే తెలుస్తుంది. గరుకుగా, గట్టిగా ఉండేది గాలిగొట్టం, దాని పక్కన ఇంకో సన్నటి గొట్టం వేళ్లకు తగిలితే మీది సరైన దారిలో ఉంది. పాలు వాటంతటవే దిగాలి, సిరంజితో నెట్టకూడదు. అయిపోయాక గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టి ఒక్క ఊపులో తీసేయండి, లేకపోతే వచ్చేటప్పుడు రెండు చుక్కలు గొంతులో కారతాయి.

ఎంత పట్టాలంటే కిలోకు 50 మి.లీ., మూడు కిలోల పిల్లకు 150. మొదటి రోజు మొత్తం మీద కిలోకు 200 మి.లీ. పడాలి, నాలుగు విడతలుగా. మొదటిది పుట్టిన రెండు గంటల్లో, ఆరు గంటలు దాటనివ్వకుండా. గొర్రెకు మాయ ద్వారా తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి పిల్లకు రాదు, ముర్రుపాలలోనే వస్తుంది. దాన్ని పేగులు లోపలికి తీసుకునే శక్తి గంట గంటకూ తగ్గిపోయి 24 గంటలకల్లా మూసుకుపోతుంది. మీరు పోసినవి మామూలు పాలు అని రాశారు, వాటిలో అది లేదు.

ముర్రుపాలు ముందు సొంత తల్లివి. లేకపోతే అదేరోజు ఈనిన ఇంకో గొర్రెవి. ఒకే పిల్ల ఉన్న గొర్రె ఈనినప్పుడు కొంచెం పిండి చిన్న చిన్న సంచుల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఏడాది దాకా ఉంటాయి. కరిగించేటప్పుడు గోరువెచ్చటి నీళ్లలో సంచి పెట్టండి. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వద్దు, ఎక్కువ వేడి తగిలితే అందులోని రోగనిరోధక పదార్థం పాడైపోతుంది. ఆవు ముర్రుపాలు కూడా పనికొస్తాయి, కాకపోతే అంత చిక్కగా ఉండవు కాబట్టి మూడో వంతు ఎక్కువ పట్టాలి. కొన్ని ఆవుల ముర్రుపాలు గొర్రెపిల్లలకు కొద్ది రోజుల తర్వాత రక్తహీనత తెస్తాయి, అందుకని రెండు మూడు ఆవులవి కలిపి వాడతారు.

పుట్టగానే ఊపిరి తీయని పిల్ల సంగతి వేరు. ముక్కు, నోట్లో జిగట తీసేసి, ముక్కులో గడ్డిపోచ పెట్టి గిలిగింత పెట్టండి, డొక్కలు గట్టిగా రుద్దండి. వెనక కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం వద్దు.

పిల్ల కోలుకున్నాక తల్లికి త్వరగా అప్పగించండి. నేను వీలైతే తల్లి కళ్లెదుటే, అదే దొడ్డిలో వెచ్చబెడతాను, ఆమె పిలుస్తూ ఉంటుంది, వాసన చూస్తూ ఉంటుంది. కవలల్లో ఒకదాన్ని గంటలు గంటలు వేరుగా ఉంచితే తల్లి ఉన్నదానికే అలవాటుపడి రెండోదాన్ని తలతో పొడిచేస్తుంది. రెండింటినీ తల్లితో కలిపి చిన్న గదిలో ఒకటి రెండు రోజులు విడిగా పెట్టండి. పొదుగు కూడా చూడాలి, ఇది చాలామంది మరిచిపోతారు. చన్నుల చివర మైనంలాంటి బిరడా ఉంటుంది, రెండింటినీ పిండి పాలు ధారగా వస్తున్నాయో లేదో చూడండి. ఒక పక్క గట్టిపడి వేడిగా ఉంటే పొదుగువాపు, ఆ పక్కన పిల్ల ఎంత చీకినా కడుపు నిండదు. పొదుగు చుట్టూ ఉన్ని ఎక్కువగా ఉంటే ఈనకముందే కత్తిరించేయండి, పిల్లలు చన్ను అనుకుని మురికి ఉన్నిని చీకుతూ ఉండిపోతాయి. బొడ్డుకు పుట్టిన వెంటనే టింక్చర్ అయోడిన్.

మిగతా గొర్రెలు ఇంకా ఈనాలి అన్నారు కదా. పిల్ల బరువులో మూడింట రెండొంతులకు పైగా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. అప్పుడు తల్లికి మేత చాలకపోతే పిల్ల తక్కువ కొవ్వుతో, తక్కువ బరువుతో పుడుతుంది, తల్లికి ముర్రుపాలు కూడా ఆలస్యంగా, తక్కువగా దిగుతాయి. వెన్నెముక మీద చెయ్యి పెట్టి తడమండి, ఎముకలు మొనదేలి తగులుతుంటే ఇప్పుడే దాణా పెంచండి, ఒక్కసారిగా కాకుండా రోజురోజుకూ కొంచెం కొంచెంగా.

ఇక బతికి ఉన్న ఆ పిల్ల. అదీ అదే రాత్రి, అదే చలిలో పుట్టింది కాబట్టి నిలబడి ఉందని వదిలేయకండి. పడుకున్నదాన్ని లేపి చూడండి. కడుపు నిండిన పిల్ల లేవగానే నడుము వంచి ఒళ్లు విరుచుకుంటుంది, తల్లి దగ్గరికి పోయి పొదుగు కింద దూరి తోక ఆడిస్తుంది. వీపు గూనిగా పెట్టి, నాలుగు కాళ్లూ దగ్గరికి లాక్కుని, తల దించి నిలబడితే ఆకలితో ఉన్నట్టు. నోటి నుంచి చొంగ కారుతూ పొట్ట ఉబ్బితే ఇన్ఫెక్షన్, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ రాత్రి పడుకునేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా అనిపిస్తే థర్మామీటరు పెట్టి, ఎంత ఉందో, చివరిసారి ఎప్పుడు తాగిందో ఇక్కడ రాయండి, నేను మేలుకునే ఉంటాను.